షాకప్‌లు వేయించినంక

ఆ సోమవారం పొద్దున గోవర్ధన్ చేయవలసిన పనులు ఇవి:

పాల ప్యాకెట్లు రెండు తేవాలి.
మోటారు వేయాలి, ట్యాంకు పొంగకముందే ఆపాలి.
గ్యాసు బుక్ చేయాలి.
పదకొండు లోపల మహితకు టిఫిన్ డబ్బా అశోక్ నగర్‌లో ఇచ్చి రావాలి.
బండి షాకప్‌ల సంగతి పీరయ్యను అడగాలి.
ఆస్పత్రికి ఫోన్ చేసి లక్ష్మి చెకప్ వాయిదా వేయించాలి.

చిరిగిన క్యాలెండర్ కాగితం వెనక ఇదంతా రాసింది గోవర్ధన్ కాదు, ఆయన భార్య లక్ష్మి. ఆయన ఉద్యోగం మానేసిన మరునాటి నుంచి రోజూ పొద్దున చాయ్ గ్లాసుతో పాటు ఇలాంటి చీటీ ఒకటి చేతికిచ్చేది. "ఇంట్ల కూసుంటే మోకాళ్ళు పట్టుకపోతయి" అనేది. ఆయన కూడా బడిపిల్లవాడిలా దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని గడప దాటేవాడు.

ఆ రోజు చివరి పని దగ్గర ఆయన చూపు ఆగింది.

"చెకప్ మల్ల వాయిదానా? ఏప్రిల్‌ల పోవాల్సింది, మే వచ్చింది. డాక్టరమ్మ ఏమంటది?"

"ఏమంటది? ఆపరేషనయ్యి మూడేండ్లాయె. పోయినసారి అంత మంచిగుందన్నది గద. షాకప్‌లు వేయించినంక పోదం తియ్యుండ్రి. ఈ బండిల అంత దూరం కూసుంటే నా నడుము నాకు మిగలది."

"ఆటోల పోదం పట్టు."

"ఆటోనా! నల్లకుంట మార్కెట్ దాక పోయొస్తెనే రెండు రోజులు పండుకున్న."

"పోనీ క్యాబ్..."

"ఆ ఏసీ వాసనకు వాంతికొస్తదని ఎన్నిసార్లు చెప్పాలె? మన బండే నయం. జర బాగు చేయించుండ్రి."

'మన బండే నయం' అన్న మాటకు గోవర్ధన్ ఎప్పుడూ మెత్తబడతాడు. ఇంకేమీ అనకుండా చాయ్ తాగి లేచాడు.

ఆయన నారాయణగూడలో ఒక డ్రైవింగ్ స్కూల్లో ఇరవై ఎనిమిదేళ్లు కారు నేర్పాడు. చిక్కడపల్లి చుట్టుపక్కల యాభై దాటిన ఆడవాళ్లలో కారు నడిపేవాళ్లు ఎవరైనా ఉన్నారంటే, వాళ్లలో సగం మంది ఆయన చేతి కింద స్టీరింగు పట్టినవాళ్లే. స్కూలు వాళ్లు పాత బండ్లు తీసేసిన ఏడాది ఒకటి తనే కొనుక్కున్నాడు. గచ్చకాయ రంగు చిన్న కారు. వయసు ఇరవై దాటింది. కంపెనీ ఆ మోడల్‌ని ఎప్పుడో మానేసింది. అయినా ఆయనకు దాని ప్రతి చప్పుడూ తెలుసు. కళ్ళు మూసుకుని పక్క సీట్లో కూర్చున్నా ఇది క్లచ్చు, ఇది బెల్టు, ఇది వెనక చక్రం బేరింగు అని చెప్పేవాడు. మెకానిక్కులు కూడా ఆయన మాట విన్నాకే స్పానర్ పట్టేవారు.

ఉగాదికి ముందు ఒక సాయంత్రం కూరగాయలు తీసుకుని వస్తుంటే ముందు చక్రం గుంతలో పడింది. పక్క సీట్లో లక్ష్మి "అమ్మా!" అని గట్టిగా అరిచింది. ఆ అరుపుకు గోవర్ధన్ బండి పక్కకు ఆపేశాడు.

"ఏమైంది లక్ష్మీ?"

ఆమె మొహం తెల్లబడింది. తర్వాత నవ్వింది. "ఏం గాలే. మీ బండి కుదిపింది. ఏం బండి నేర్పినరో ఏమో ఇన్నేండ్లు."

ఇంటికి రాగానే గోవర్ధన్ ఒక పరీక్ష చేశాడు. బానెట్ మీద రెండు చేతులూ ఆనించి గట్టిగా కిందికి నొక్కి వదిలాడు. కుదుపులు మింగే షాకప్‌లు బాగుంటే బండి ఒక్కసారి పైకి లేచి నిలబడుతుంది. ఆయన బండి నాలుగుసార్లు ఊగింది. వంగి చూస్తే రెండు ముందు చక్రాల వెనకా నూనె కారి, దుమ్ము పట్టి నల్లగా ఉంది. షాకప్‌లు నిజంగానే పోయాయి. ఆయనకు అక్కడే సంగతంతా తేలిపోయింది. జబ్బు దొరికింది, ఇక మందు వేయాలి, అంతే.

ఆ తర్వాత బండిలో కూర్చున్నప్పుడల్లా లక్ష్మి మూలిగేది. ఆమె మూలిగినప్పుడల్లా ఆయన షాకప్‌లను తిట్టుకునేవాడు.

*

పీరయ్య షెడ్డు చిక్కడపల్లి మెయిన్ రోడ్డు వెనక సందులో ఉంది. ఆయన కారు కిందికి దూరి, టార్చి వేసి చూసి, పడుకునే మాట్లాడాడు.

"సారు, షాకప్‌లు ఖతం. మీద మౌంటింగు రబ్బర్లు గూడ పగిలినయి. రెండు పక్కల మార్చాలె. ఒక దిక్కు కొత్తది, ఒక దిక్కు పాతదేస్తే బండి కుంటుతది."

"నాకు చెప్తున్నవా పీరయ్యా? ఎంతయితది?"

"మాలు, మౌంటింగులు, కూలి, అలైన్‌మెంటు అన్ని కలిపి పద్నాలుగు వేలు పెట్టుకోండ్రి. బండినే తుక్కుకేస్తే ముప్పై వస్తయి." పీరయ్య బయటికి వచ్చి చేతులు తుడుచుకున్నాడు. "అయినా పైసలు కాదు సారు అసలు పంచాయితి. మాల్ దొరకాలె. ఈ బండి అక్కచెల్లెండ్లు, అన్నదమ్ములు అందరు ఎప్పుడో పోయిండ్రు. ఇదొక్కతే మిగిలింది."

పీరయ్య చెప్పింది అక్షరాలా నిజమైంది. గోవర్ధన్ రాణిగంజ్ మొత్తం తిరిగాడు. ఒక దుకాణంలో నవ్వారు. ఇంకో దుకాణంలో "సాబ్, ఆ మోడల్ బందయ్యి పదిహేనేండ్లాయె, ఇంక నడుపుతున్నరా?" అని ఆశ్చర్యపోయి చాయ్ తాగించారు. పుత్లీబౌలిలో ఎడమ పక్కది ఒకటి దొరికింది, కుడిది లేదు. ఊరూ పేరూ లేని మాల్ ఒకటి సగం ధరకే ఇస్తామన్నారు. గోవర్ధన్ దాన్ని చేత్తో నొక్కి చూసి పక్కన పెట్టేశాడు. రాయిలా ఉంది. పాతదాని కన్నా ఎక్కువ కొడుతుంది.

"నాకు మెత్తగ ఉండాలె. మా ఇంటామెకు నడుం నొప్పి" అని ప్రతి దుకాణంలోనూ చెప్పాడు. అన్ని దుకాణాల వాళ్లకూ లక్ష్మి నడుం సంగతి తెలిసిపోయింది.

చివరికి ఒకాయన ఢిల్లీ నుంచి తెప్పిస్తానని అడ్వాన్సు తీసుకున్నాడు. పార్సిల్ పది రోజులకు వచ్చింది. పీరయ్య డబ్బాలు విప్పి ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసి పగలబడి నవ్వాడు.

"సారు! రెండు ఎడమయే! మీకు రెండు ఎడమకాళ్ళ చెప్పులు పంపిండ్రు!"

గోవర్ధన్ ఇంటికొచ్చి ఈ మాట చెబితే లక్ష్మి కూడా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ నడుం పట్టుకుని మంచం మీద కూర్చుండిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి నవ్వుకొచ్చినవే అనుకున్నాడాయన.

"పోనియ్యుండ్రి. తొందరేమున్నది? మల్ల తెప్పియ్యుండ్రి" అంది.

*

ఆ ఆదివారం కొడుకు రాజీవ్ భోజనానికి వచ్చాడు. అతనూ కోడలూ నల్లకుంటలో కిరాయికి ఉంటారు. కూతురు మహిత కూడా ఆ పూట చదువు పక్కన పెట్టి ఇంట్లోనే ఉంది. ఇరవై తొమ్మిదేళ్ల పిల్ల. ఏడేళ్లుగా గ్రూప్స్‌కు చదువుతోంది. జూన్ రెండో సోమవారం నుంచి మెయిన్స్ పరీక్షలు.

భోజనాల దగ్గర లక్ష్మి అందరికీ వడ్డించింది గానీ తను కూర్చోలేదు. గోడకు ఆనుకుని నిలబడింది.

"కూసో అమ్మా" అన్నాడు రాజీవ్.

"మీరు తినుండ్రి. నేను వెనక తింట."

"చెకప్‌కు పోయిండ్రా?"

"బండి పని కాలే ఇంక. కాంగనే పోతం."

రాజీవ్ చేయి కంచంలో ఆగింది. "ఏంది? బండి బాగుకాలేదని ఆస్పత్రికి పోలేదా? నాన్నా, ఇదేం కథ?"

"నీకు తెల్వదురా. ఆ బండిల కూసుంటే మీ అమ్మ తట్టుకుంటలేదు. షాకప్‌లు..."

"షాకప్‌లు, షాకప్‌లు! రెండు నెలల సంది ఇదే ముచ్చట. ముప్పై వేలు రాని బండికి పద్నాలుగు వేల షాకప్‌లా? ఎవలన్న ఇంటే నవ్వుతరు. నేను క్యాబ్ బుక్ చేస్త, ఇప్పుడే, రేపటికి..."

"క్యాబ్ నేనెక్క" అంది లక్ష్మి వెంటనే.

"అమ్మా, నువ్వు గమ్మునుండు. నాన్న మాట మీద నువ్వు గూడ ఆడుతున్నవ్."

"అన్నా, జర మెల్లగ మాట్లాడు" అంది మహిత.

"ఏం మెల్లగ? ఆయన ఆ ఇనుప డబ్బాకు పెట్టే ప్రేమల సగం మనుషులకు పెడితే ఈ ఇల్లు ఎప్పుడో బాగుపడు. నా పెండ్లిల గూడ బండి ఎండల పెట్టిన్రని అలిగిండు."

గోవర్ధన్ కంచం పక్కకు నెట్టాడు. ఆయన గొంతు లేవదు, లేచిందంటే వణుకుతుంది.

"బండి మీద ప్రేమనారా నాది? రాణిగంజ్‌ల ఎండకు తిరిగింది నా కోసమా? నువ్వు చెప్పు. ఈ మూడేండ్లల్ల మీ అమ్మను ఎన్నిసార్లు తీసుకపోయినవ్ ఆస్పత్రికి? ఒక్కసారి. పార్కింగ్ దొరుకుతలేదని బయటనే దింపి పోయినవ్. ఆ ఇనుప డబ్బనే తీసుకపోయింది ఆమెను. ప్రతిసారి."

రాజీవ్ ముఖం మాడిపోయింది. చేయి కడుక్కుని చెప్పులు వేసుకున్నాడు. లక్ష్మి వాకిలి దాకా వెనక వెళ్లింది.

"అన్నం ముంగటికెల్లి లేస్తవారా? రాజీవ్! ఒట్టి నడుం నొప్పికి ఇంత లొల్లా?"

"నీ కోసమే గదమ్మా అడిగింది" అన్నాడు అతను వెనక్కి తిరగకుండా. స్కూటర్ శబ్దం సందు చివరి దాకా వినిపించింది.

లక్ష్మి తలుపు పట్టుకుని చాలాసేపు నిలబడింది. ఆ నిమిషంలో ఆమె నిజం చెప్పి ఉంటే కథ ఇంకోలా నడిచేది. ఆమె పెదవి కదిలింది కూడా. కానీ లోపల మహిత మళ్ళీ పుస్తకం తెరిచింది. ఆ పేజీ తిప్పిన చప్పుడు విని లక్ష్మి నోరు మూసుకుంది.

ఆ తర్వాత మూడు వారాలు తండ్రీకొడుకులు మాట్లాడుకోలేదు.

*

కుడి పక్క షాకప్ పరీక్షలకు నాలుగు రోజుల ముందు వచ్చింది. గురువారం పొద్దున్నే గోవర్ధన్ షెడ్డుకు వెళ్లి స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

పాత షాకప్ అంత తేలిగ్గా ఊడిరాలేదు. కింద బోల్టులు తుప్పు పట్టి పిడికిలిలా బిగుసుకుపోయాయి. పీరయ్య నూనె పోసి, గంట ఆగి, సుత్తితో కొట్టి, మళ్ళీ నూనె పోశాడు. ఒక బోల్టు విరిగిపోయింది. దాన్ని కోసి తీయడానికే మధ్యాహ్నమైంది. తర్వాత స్ప్రింగును రెండు వైపులా బిగింపులు వేసి మెల్లమెల్లగా నొక్కడం మొదలుపెట్టాడు.

"దూరం జరుగుండ్రి సారు. ఇది జారిందంటే మనిషి మీదికి తూటాలెక్క వస్తది. లోపల ఎంత బలముంటదో మీదికెల్లి కనవడదు."

సాయంత్రానికి పని అయింది. గోవర్ధన్ బానెట్ మీద చేతులు ఆనించి నొక్కి వదిలాడు. బండి ఒక్కసారి లేచి, బుద్ధిగా నిలబడింది. ఆయన మళ్ళీ నొక్కాడు. మళ్ళీ నిలబడింది. అరవై మూడేళ్ల మనిషి పండుగ పూట కొత్త బట్టలు తొడిగిన పిల్లవాడిలా పీరయ్య వంక చూశాడు.

"ఇగ అమ్మను పూలల్ల పెట్టి తీసుకపోవచ్చు సారు" అన్నాడు పీరయ్య.

శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి లక్ష్మిని బలవంతం చేశాడు. "ఆస్పత్రికి కాదు. ఒట్టిగ ఒక్క రౌండు. చూడు ఎట్లుందో."

ఆమె కాసేపు వెనకాడింది. ఇక చెప్పడానికి సాకు లేదు. చెంగు సర్దుకుని వచ్చి కూర్చుంది.

అశోక్ నగర్ మీదుగా ఇందిరా పార్కు వైపు తిరిగారు. రీడింగ్ రూముల ముందు అప్పుడే పిల్లలు చేరుతున్నారు, వీపు మీద సంచులు, చేతుల్లో చాయ్ కప్పులు. స్టీల్ బ్రిడ్జి ఎక్కాక రోడ్డు నున్నగా ఉంది. బండి నీళ్ల మీద పడవలా పోయింది. గోవర్ధన్ ఆగలేకపోయాడు.

"ఎట్లుంది?"

"మస్తుంది" అంది లక్ష్మి. "మీ చేతి మహిమ."

"నా చేతిది కాదు, షాకప్‌లది. ఇన్ని రోజులు ఊకెనే కష్టపడ్డవ్. సోమవారం ఆస్పత్రికి ఫోన్ చేస్త."

బ్రిడ్జి దిగి, బర్కత్‌పురా తిరిగి నారాయణగూడ చౌరస్తాకు వచ్చేసరికి ఎర్ర లైటు పడింది. నూట పది సెకన్లు. ఎప్పుడూ పిల్లలకు నేర్పినట్టే గోవర్ధన్ హ్యాండ్ బ్రేకు లాగి ఇంజన్ ఆపేశాడు. చుట్టూ బైకుల వాళ్లు కాళ్లు కింద ఆనించి నిలబడ్డారు.

పక్కన లక్ష్మి తలుపు పిడిని రెండు చేతులతో పట్టుకుంది. కళ్ళు మూసుకుంది. నుదుటి మీద చెమట పట్టింది. పళ్ళు బిగబట్టి అంది:

"జర మెల్లగ పోనియ్యుండ్రి. కుదుపుతుంది."

గోవర్ధన్‌కు మొదట అర్థం కాలేదు. స్టీరింగు వైపు చూశాడు. హ్యాండ్ బ్రేకు వైపు చూశాడు. సిగ్నల్ మీద డెబ్బై రెండు, డెబ్బై ఒకటి అని అంకెలు తగ్గుతున్నాయి.

"లక్ష్మీ" అన్నాడు. "బండి ఆగే ఉంది."

ఆమె కళ్ళు తెరిచింది. ముందు అద్దంలోంచి ఎర్ర లైటును చూసింది. దొరికిపోయినదానిలా తల దించుకుంది.

లైటు పచ్చబడింది. వెనక హారన్లు మోగాయి. గోవర్ధన్ బండి తీయలేకపోయాడు. క్లచ్చు ఎక్కడుందో కాలికి తెలియలేదు. జీవితంలో మొదటిసారి ఆయన బండి చౌరస్తాలో రెండుసార్లు ఆగిపోయింది.

*

మూసి ఉన్న ఒక దుకాణం ముందు నిలిపాడు.

"ఎన్ని రోజుల సంది?"

"ఉగాది ముందు సంది."

"కూసున్నా ఉంటదా?"

"కూసున్నా, పన్నా. రాత్రి ఎక్కువ."

"నాకెందుకు చెప్పలే?"

"మీరే చెప్పిండ్రు గద" అంది లక్ష్మి, చిన్నగా నవ్వబోయి. "షాకప్‌లు పోయినయని. నేను ఔనన్న, అంతే."

ఇరవై ఎనిమిదేళ్లు ప్రతి చప్పుడుకూ పేరు పెట్టిన మనిషి. ఒక్క జానెడు దూరంలో కూర్చున్న మనిషి మూలుగును తీసుకెళ్లి బండికి అంటగట్టాడు. గోవర్ధన్ నుదురు స్టీరింగుకు ఆనించాడు.

"నన్ను చూడుండ్రి" అంది లక్ష్మి. "పోయినసారి నా ఆపరేషన్ రోజు ఏమైంది? పిల్ల పరీక్ష ఇడిసిపెట్టి ఆస్పత్రి మెట్ల మీద కూసున్నది. నాకు మెలకువ వచ్చి చూస్తే హాల్‌టికెట్టు దాని సంచిల అట్లనే ఉన్నది. మూడేండ్లు, ఒక్కనాడన్న నన్ను ఒక్క మాటన్నదా? అన్నా బాగుండు. ఈసారి గూడ నా పేరు మీదనే ఆగిపోవాల్నా?"

"నీ పానం కంటె పరీక్ష ఎక్కువనా లక్ష్మీ?"

"నాకు కాదు. దానికి. వారం పదిరోజులు. అవి అయిపోతే ఏడికంటె ఆడికొస్త. మీ మీద ఒట్టు."

గోవర్ధన్ ఫోన్ తీశాడు. రాజీవ్ నంబరు నొక్కాడు. అవతల "హలో" అన్న రాజీవ్‌కు ఊపిరి మాత్రమే వినిపించి ఉంటుంది.

"నాన్నా? ఏమైంది? ఏడున్నరు?"

"నారాయణగూడల. అమ్మ..."

పావుగంటలో వచ్చాడు రాజీవ్. ఆఫీసు బట్టల్లోనే ఉన్నాడు. ఏమీ అడగలేదు. స్కూటర్ అక్కడే నిలిపి వెనక సీట్లో కూర్చుని తల్లి భుజం మీద చేయి వేశాడు. మహితకు చెప్పకూడదన్న ఒక్క మాట మీద లక్ష్మి ఆస్పత్రికి ఒప్పుకుంది.

స్కానింగు అయ్యాక డాక్టరమ్మ తండ్రీకొడుకులను లోపలికి పిలిచింది. కంప్యూటర్ తెర మీద వెన్నెముకా, తుంటి ఎముకా తెల్లగా కనిపిస్తున్నాయి. మధ్య మధ్య మచ్చలు.

"రెండు నెలలుగా నొప్పి ఉంటే ఎందుకు తీసుకురాలేదు? ఏప్రిల్లో చెకప్ ఉంది కదా?"

గోవర్ధన్ లేచి నిలబడ్డాడు. బడిలో తప్పు చేసిన పిల్లవాడు కూడా అంత నిజాయితీగా చెప్పడు.

"బండి షాకప్‌లు పోయినయి మేడం."

డాక్టరమ్మ తప్పుగా విన్నాననుకుని రాజీవ్ వైపు చూసింది. రాజీవ్ కళ్ళు నేల మీద ఉన్నాయి.

"అప్పుడే తీసుకొస్తే బాగయ్యేదా?" అడిగాడు గోవర్ధన్.

డాక్టరమ్మ తెర మీది మచ్చలు చూపించింది. "పాత క్యాన్సరే ఎముకలకు పాకింది. అప్పుడొచ్చినా ఇదే మందు, ఇదే రేడియేషన్ కరెంటు. కాకపోతే ఈ రెండు నెలలు ఇంత నొప్పి పడేది కాదు."

ఆ మాట గోవర్ధన్‌కు చావు కబురు కన్నా ఎక్కువ తగిలింది. రెండు నెలలు. అరవై రాత్రులు. పక్కనే పడుకుని తను షాకప్‌ల గురించి ఆలోచించాడు.

వరండాలో రాజీవ్ ఆయన చేయి పట్టుకున్నాడు. "నాన్నా, ఆ దినం నేను అలిగి పోకుండ అమ్మను ఎత్తుకోనన్న తీసుకపోవాల్సింది. తప్పు నాది."

"నీదెట్లయితదిరా? పక్కన కూసున్నోణ్ణి నేను."

"కాదు నాన్నా..."

చక్రాల కుర్చీలో ఉన్న లక్ష్మి తల తిప్పింది. "ఇద్దరు తప్పు పంచుకునుడు అయినంక జర నాకు చాయ్ తెస్తరా? పొద్దటి సంది గొంతు ఎండింది."

తండ్రీకొడుకులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరూ ఒకేసారి చాయ్ కోసం కదిలారు.

*

పరీక్షలు ఏడు రోజులు. ఆ ఏడు రోజులూ కరెంటు పెట్టించుకోవడానికి వెళ్తూ, నడుముకు వ్యాయామం చేయిస్తున్నారని మహితతో చెప్పారు. మందులతో నొప్పి కొంత తగ్గింది. మహిత రోజూ పొద్దున తల్లి కాళ్లకు మొక్కి వెళ్లేది. లక్ష్మి మంచం మీది నుంచే "గడియారం పెట్టుకున్నవా? రెండు పెన్నులున్నయా?" అని అడిగేది.

ఆఖరి రోజు సెంటర్ గేటు బయట గోవర్ధన్ కారు నిలిపాడు. లక్ష్మి వెనక సీట్లో దిండు పెట్టుకుని పడుకుని ఉంది. తానే వస్తానని పట్టుపట్టింది. రాజీవ్ గేటు దగ్గర నిలబడ్డాడు. అతని మొహం చూడగానే మహితకు ఏదో తట్టింది. పరుగెత్తుకొచ్చి కారు తలుపు తీసింది. దిండు చూసింది, సీటు మీది ఆస్పత్రి ఫైలు చూసింది. నిలబడే చదివింది. ఏడేళ్లు చదివిన పిల్ల. రెండు పేజీలకు ఎక్కువసేపు పట్టలేదు.

"నాకెందుకు చెప్పలే?" అంది మహిత. "ముగ్గురు కలిసి నన్ను బయటిదాన్ని చేసిండ్రు. నాన్నా, నువ్వు గూడనా?"

గోవర్ధన్ స్టీరింగు వదిలి వెనక్కి తిరిగాడు.

"ఆయన్ననకు. నేను ఒట్టేయించుకున్న" అంది లక్ష్మి. "ముందు ఇది చెప్పు. అన్ని రాసినవా? ఏమన్న ఇడిసిపెట్టినవా?"

మహిత వెనక సీట్లోకి దూరి తల్లి తలను ఒళ్లోకి తీసుకుంది.

"రాసిన అమ్మా. ఒక్క ప్రశ్న గూడ ఇడువలే."

"గది చాలు" అంది లక్ష్మి. బిడ్డ కన్నీళ్లు తన మొహం మీద పడుతుంటే తుడుచుకోలేదు. అలాగే పడనిచ్చింది. ముందు సీట్లో తండ్రీ కొడుకూ ఏడుస్తూ కూర్చున్నారు. గేటు బయటికి వస్తున్న వందల మంది పిల్లలు ఆ చిన్న కారును దాటుకుని వెళ్లిపోయారు.

లక్ష్మి కార్తీక మాసం దాకా ఉంది. ముగ్గురూ పక్కనే ఉన్నారు. నొప్పి వచ్చినప్పుడు దాచలేదు. "వచ్చింది" అని చెప్పేది, ఎవరో ఒకరు చేయి పట్టుకునేవారు. పరీక్ష ఫలితాలు ఇంకా రాలేదు.

ఈ కథలో ఆమె నొప్పి గురించే ఎక్కువ చెప్పవలసి వచ్చింది. లక్ష్మి అంటే అదొక్కటే కాదు. ఆలేరులో పుట్టింది, ఏడో తరగతి దాకా చదివింది. పప్పులో చింతపండు ఎక్కువ వేసేది, ఎవరేమన్నా తగ్గించేది కాదు. టీవీలో జోకు అందరికన్నా ఆలస్యంగా అర్థమయ్యి, అందరికన్నా గట్టిగా నవ్వేది. ఎదురింటి హాస్టల్లో ఊళ్ల నుంచి వచ్చిన ఆడపిల్లలకు జ్వరం వస్తే చారన్నం గిన్నె పట్టుకుని మూడంతస్తులు ఎక్కేది. అంత మందికి తోడు వెళ్లిన మనిషి, తన జబ్బుకు మాత్రం ఎవరినీ తోడు పిలవలేదు.

ఇంతసేపు ఓపికగా చదివారు కాబట్టి మిమ్మల్ని ఒక్కటి అడగాలి. ఇవాళ ఒక్కసారి, ఒక్క నిమిషం, ఆమెను తలుచుకోండి. పేరు లక్ష్మి. చిక్కడపల్లి.